కుటుంబ ప్రయాణానికి తగిన బండి

జంగారెడ్డిగూడెం నుండి బయలుదేరిన బండికి రెండు రకాల నేలలు పరీక్ష పెడతాయి. బుట్టాయగూడెం వైపు ఎర్రమట్టి, రాళ్ళ బాటలు, వాగులు. ఏలూరు దాటి కొల్లేరు లంకలకు వెళితే నల్లని బంకమట్టి, చెరువు గట్లు. ఆటపాకలో గూడబాతులను పిల్లలకు చూపాలని, అందుకు కారు వెనుక తగిలించే క్యాంపర్ ట్రైలరు కొనాలని తలచే కుటుంబాలు మా ఎరుకలో ఉన్నాయి.

మన పెద్దల గూడు బండే ఇందుకు తొలి పాఠం. చక్రాలు పెద్దవి గనుక అది గుంతలను సులువుగా దాటేది. బరువు వెనక్కి వాలితే కాడి పైకి లేచేది. ముందు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడ నలిగేది. ట్రైలరుకూ ఇదే న్యాయం. మొత్తం బరువులో సుమారు 10 శాతం కొక్కెం మీద ఉండాలి. వెనుక బరువు ఎక్కువైతే వేగంలో అది ఊగి, లాగే కారును సైతం పడదోయగలదు.

తాగడానికి, వంటకు, వుజూకు కలిపి మనిషికి రోజుకు 10 లీటర్లు లెక్కించినా, ఆరుగురికి రెండు రోజులకు 120 కిలోల నీరు! దానిని ఇరుసు మీదుగా, కిందుగా ఉంచాలి. కారు లాగగల బరువు, ఇరుసు ఎత్తు, బ్రేకులు, రిజిస్ట్రేషన్ చూడనిదే ధర మాట్లాడరాదు.

ఏడాదికి రెండు మూడు ప్రయాణాలకై అప్పు చేయడం కన్నా, బొలెరో వంటి ఎత్తైన బండిని అద్దెకు తీసుకొని, గుడారం, చాపలు, నీటి డబ్బాలు వెంట ఉంచుకోవడమే మేలని మా అభిప్రాయం. కొల్లేరు అభయారణ్యం గనుక రాత్రి బస కైకలూరులో చేయాలి. పొంగిన వాగును ఏ బండితోనూ దాటరాదు. ఇంటిల్లిపాదీ క్షేమంగా తిరిగి రావడం కన్నా ప్రయాణానికి వేరే ఫలమేముంది?