షోకేస్ తాళం

రాయి పెట్టి కొడితే పగిలే అద్దానికి తాళమెందుకండీ అని ఖమ్మంలో మా నాన్న షాపుకొచ్చే వాళ్లు నవ్వుతూ అడుగుతారు. అడిగి, తాళం కొనుక్కుని మరీ వెళ్తారు. మాది అద్దాలు, ప్లైవుడ్, అల్యూమినియం చానెల్ అమ్మే షాపు. మెకానికల్ చదువుతున్నానని పేరే గానీ, తాళాల గురించి నాకు తెలిసిందంతా ఆ కౌంటర్ వెనక నేర్చుకున్నదే.

"గట్టి తాళం ఇవ్వండి" అనగానే నాన్న తీసివ్వడు. తలుపు పక్కకి జరిపేదా, ముందుకి తెరిచేదా? అద్దం మందం ఎంత? మామూలుదా, టఫెన్డా? ఈ మూడూ తేలాలి. నా దృష్టిలో మూడోదే అసలు ప్రశ్న. టఫెన్డ్ గ్లాసును 600 డిగ్రీలు దాటేలా వేడి చేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పైపొర నొక్కుడులో, లోపలి భాగం లాగుడులో బిగిసిపోతాయి. ఆ తర్వాత బెజ్జం వేయబోతే అద్దమంతా పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. బెజ్జం కావాలంటే టఫెనింగ్‌కి పంపకముందే వేయించుకోవాలి. లేదా అద్దం అంచును రబ్బరు ముక్కల మధ్య పట్టుకుని స్క్రూతో బిగుసుకునే తాళం కొనాలి. మామూలు అద్దానికైతే డైమండ్ బిట్, చల్లటానికి నీళ్లు, కాస్త ఓపిక చాలు.

జరిపే తలుపుల తాళం తమాషాగా ఉంటుంది. ఒక ఇనుప పట్టీ, దాని మీద రంపంలాంటి పళ్లు, ఒక చివర కొక్కెం. కొక్కేన్ని లోపలి అద్దం అంచుకు తగిలిస్తే పట్టీ రెండద్దాల సందులోంచి బయటికొస్తుంది. తాళాన్ని దాని మీద టకటకమని తోసుకుంటూ వెళ్లి బయటి అద్దం అంచుకు ఆనించాలి. తోయడానికి తాళంచెవి అక్కర్లేదు, వెనక్కి తీయడానికి కావాలి. సెకండియర్‌లో రాచెట్ పాఠం వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

"చెడిపోయింది" అని తెచ్చే తాళాల్లో చాలావరకు బాగానే ఉంటాయి. కీలు వదులై తలుపు కిందికి దిగితే తాళం నాలుక గాడిలో పడదు. తలుపును చేత్తో కొంచెం ఎత్తి తాళంచెవి తిప్పి చూడండి. తిరిగిందంటే తప్పు కీలుది. ఇంకొకటి, బిగుసుకుందని కొబ్బరినూనె పోయకండి, దుమ్మంతా అక్కడే చేరుతుంది. పెన్సిల్ ముల్లు పొడి చేసి వేస్తే మేలు.

ఇవేవీ పనిచేయని తాళాన్ని 2022 జూలైలో చూశాను. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కి మూడోది. ఆ నెల 16న నీటిమట్టం 71.3కి వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు చూడలేదని పెద్దలన్నారు. మా మేనత్త వాళ్లది లోతట్టు కాలనీ. కట్టుబట్టలతో పునరావాస కేంద్రానికి వెళ్లారు. వంతెన మీద రాకపోకలు మొదలయ్యాక నాన్న, నేను వెళ్లేసరికి ఇంటినిండా మోకాలి లోతు బురద.

హాల్లో షోకేస్. నీళ్లు కింది రెండు అరలు ముంచి వదిలాయి. పై అరలో ప్లాస్టిక్ ఫైలు, అందులో బావ టెన్త్, ఇంటర్ మెమోలు. కౌన్సెలింగ్‌కి అవే కావాలి. తాళంచెవి అత్త కొంగునే ఉంది, కానీ తాళంలో ఒండ్రు గడ్డకట్టి చెవి సగం కూడా దిగలేదు.

"పగలగొట్టెయ్యండి, అద్దానిదేముంది" అన్నాడు పక్కింటాయన. కింది అరలో పెళ్లి ఆల్బమ్ తడిసి ఉబ్బి ఉంది. దాని మీద గాజు పడితే ఉన్నదీ పోతుందని అత్త అడ్డం నిలబడింది.

"వద్దక్కా, నేను తీస్తా" అన్నాడు నాన్న. కింది చానెల్‌లో బురదను చెంబుతో నీళ్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో కడిగాడు. బయటి అద్దాన్ని రెండు చేతులతో పైకెత్తాడు. పై చానెల్ లోతుగా ఉంటుంది, కిందిది తక్కువ. అద్దం పైకి లేవగానే కింది అంచు గాడి దాటి ముందుకొచ్చింది. కింద నేను పట్టుకున్నాను. తాళం లోపలి అద్దానికి అలాగే వేలాడుతోంది, తీయకుండానే షోకేస్ తెరుచుకుంది. దొంగలకు తెలియకూడదని పై గాడిలో చెక్క ముక్క పెట్టి ఈ సందు మూసేస్తారు. అక్కడ ఎవరూ పెట్టలేదు.

ఫైలు పొడిగా ఉంది. ఆల్బమ్‌లో మాత్రం పేజీకి పేజీ అతుక్కుపోయింది. అత్త వాటిని విడదీయకుండా అలాగే తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టుకుంది.

దసరాకి కొత్త షోకేస్ చేయించారు. "మనవరాలు బొమ్మలన్నీ లాగేస్తోంది తమ్ముడూ, తాళం మాత్రం పెట్టు" అంది అత్త. నాన్న మళ్లీ అదే పళ్ల తాళం పెట్టాడు. పై గాడిలో చెక్క ముక్క పెట్టాలా అని వడ్రంగి అడిగితే, "వద్దులే" అన్నాడు.