పత్తి పాకెట్టు

చీరలు కొనడంలో నన్నెవరూ మోసం చెయ్యలేరని మా ఇంట్లో ఒక ప్రతీతి ఉంది. అంచు వెలుతురులోకి పట్టి చూస్తాను. పోగు లాగి చూస్తాను. కొట్టువాడి మొహం మాడిపోయినా సరే, కొంగు చివర తడిపి రంగు చేతికంటుతుందేమో చూస్తాను. నచ్చకపోతే పక్క కొట్టు ఉండనే ఉంది!

మా మరిది ఎకనామిక్స్ లెక్చరరు. "చూశావా వదినా, నీలాంటి కొనుగోలుదారు ఉండగా మధ్యలో ప్రభుత్వం దేనికి? నాసిరకం అమ్మేవాడు తనంతట తానే మూతేసుకుంటాడు" అంటాడు.

చీరల వరకూ నాకూ అభ్యంతరం లేదు. కాని పత్తి విత్తనాన్ని తడిపి చూసేదెలా?

మా పుట్టిల్లు దేవరకొండ వైపు. చెలక భూములు, ఎండిపోయే బోర్లు. మృగశిర వస్తోందంటే మా చిన్నాయన పత్తి పాకెట్లు తెస్తాడు, ఎకరానికి రెండు చొప్పున. పాకెట్టు మీద తెల్లగా విచ్చుకున్న కాయల బొమ్మ, లోపల రంగు పూసిన గింజలు. మొలుస్తుందో లేదో వారంలో తెలుస్తుంది. కాస్తుందో కాయదో తెలియడానికి మాత్రం నాలుగు నెలలు పడుతుంది. అప్పటికి ఎరువులు, కూలీ, వడ్డీ అన్నీ భూమిలోకి పోయి ఉంటాయి.

రెండేళ్ళ కిందట అదే జరిగింది. "చెట్టు పెండ్లికి పోతున్నట్టు నిలబడ్డది బిడ్డా. కాయ ఏది?" అన్నాడు చిన్నాయన. నాలుగెకరాలు! కొట్టుకు వెళ్తే, బిల్లేదన్నారు. ఉద్దెర తెచ్చినవాడికి బిల్లెక్కడిది? ఉద్దెర ఇచ్చేదీ ఆ సేటే, పంట కొనేదీ ఆ సేటే. గట్టిగా అడిగితే మరుసటేడు ఉద్దెర పుట్టదు. ఇక ఆ పక్క కొట్టు ఉంటేనేం, లేకుంటేనేం?

పోనీ పోటీ సంగతి చూద్దాం. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. చూస్తుండగానే కొట్ల నిండా రకరకాల పేర్లు, రకరకాల బొమ్మలు. ఏది చింపినా లోపలి బీటీ జన్యువు దాదాపు ఒక్క కంపెనీదే, అమెరికా వాళ్ళ మోన్‌శాంటోది. 2005లో 450 గ్రాముల పాకెట్టు 1,600 రూపాయలు పైనే పలికింది. అందులో 1,250 ఆ జన్యువు వాడుకున్నందుకు కట్టే రుసుమట! చైనాలో ఇంతకంటే ఎంతో తక్కువ తీసుకుంటున్నారు కదా అని రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్త వ్యాపారాల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఆ ఏడే పాకెట్టు 750కి దిగింది. 2007లో రాష్ట్రం చట్టం చేసింది. 2015 చివర్లో కేంద్రం దేశం మొత్తానికీ ధర కట్టే ఉత్తర్వు తెచ్చింది. 2025 వానాకాలానికి బీజీ-2 పాకెట్టు గరిష్ఠ ధర 901 రూపాయలు. ఇరవై ఏళ్ళ కిందటి ధరలో సగం చిల్లర! ఇంట్లో ఇంకే వస్తువుకైనా ఈ మాట చెప్పగలమా?

"ధర తొక్కిపెడితే కొత్త విత్తనం ఎవడు తెస్తాడు?" అన్నాడు మరిది.

అతని మాటలో నిజం లేకపోలేదు. 2009 తర్వాత మన పత్తిలో కొత్త జన్యువు దేనికీ అనుమతి రాలేదు. గులాబీ పురుగు మాత్రం పాతదానికి లొంగడం మానేసింది. కలుపు మందును తట్టుకునే విత్తనం అనుమతి లేకుండానే లూజుగా, పేరూ ఊరూ లేకుండా వస్తోంది. మునుపటి మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల వైపు విత్తన పత్తి చేలుంటాయి. ఆడకూలీలు ఎండలో వంగి పూవు పూవుకూ చేత్తో పుప్పొడి అద్దుతారు. అది చూశాక 901 ఎక్కువని నా నోట రాదు. ఆ డబ్బులో ఆ చేతులకు దక్కేదెంతని మాత్రం అడగాలనిపిస్తుంది.

నా తగాదా ధరతో కాదు. పాకెట్టు మీద అంకె వేయించిన ప్రభుత్వం లోపలి గింజకు పూచీ పడిందా? 1966 విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఎంత రాశారో తెలుసా? అయిదు వందల రూపాయల లోపు! ఒక్క పాకెట్టు ఖరీదు కూడా కాదు. ఈ చట్టాన్ని చూసి మోసగాడెవడైనా భయపడతాడా, మీరే చెప్పండి.

"అందుకే నియంత్రణలు దండగ అంటాను" అన్నాడు మరిది. చిల్లుకుండలో నీళ్ళు నిలవకపోతే కుండ మార్చమంటారు గాని, నీళ్ళు తాగడం మానమంటారా?

విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చునని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. అదీ మన రైతులు నడిపిన కేసులోనే. కంపెనీ పక్షం ఏళ్ళ తరబడి వాదించింది, ఆ హక్కు వాళ్ళకు లేదని! చీర కొన్న నాకున్న హక్కు, పత్తి పండించిన వాడికుందో లేదో తేల్చడానికి ఢిల్లీ దాకా పోవలసి వచ్చింది.

ఈసారి మృగశిరకు ముందే చిన్నాయనకు ఫోను చేశాను, బిల్లు తీసుకొమ్మని.

"నగదు పెడితే ఇస్తడు బిడ్డా. ఎక్కడి నుంచి తేను?"

ఎనిమిది పాకెట్ల డబ్బు పంపాను. మరిదే తీసుకెళ్ళి ఇచ్చివచ్చాడు. పంట ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. చిన్నమ్మ మాత్రం ఖాళీ పాకెట్లను, బిల్లును కలిపి దారంతో కట్టి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెట్టెలోనే దాచిందట.