లాబ్‌స్టర్ కణంలో అదనపు క్రోమోజోములు!

ముళ్ల లాబ్‌స్టర్‌ని చూస్తే ఎవరి కళ్లయినా ముందు దాని మీసాల మీదికే పోతాయి. ఒంటికంటే పొడుగ్గా, మొదట్లో లావుగా, ముళ్లు ముళ్లుగా ఉంటాయవి. పీతకున్నట్టు పెద్ద డెక్కలు దీనికి ఉండవు. ఇన్నాళ్లూ నేనూ అంతవరకే చూశాను. ఈమధ్య దాని క్రోమోజోముల గురించి చదవడం మొదలుపెట్టాక ఇంకేదీ చదవబుద్ధి కావడం లేదు. ఇంతటి విశేషాన్ని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమిటి!

మనిషి కణంలో 46 క్రోమోజోములు. ఆ చిన్న లెక్క తేలడానికే 1956 దాకా పట్టింది. టియో, లెవాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చేదాకా లోకమంతా 48 అనే నమ్మింది. మరి పాలినురస్ ప్రజాతి ముళ్ల లాబ్‌స్టర్లలోనో, వంద దాటిపోతాయి! అవీ చిన్న చిన్నవి, స్లైడు మీద ఆవాలు చల్లినట్టు ఉంటాయి.

వాటిని బయటికి రప్పించే పద్ధతి చదువుతుంటే ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. మగ లాబ్‌స్టర్ వృషణంలో కణాలు చురుగ్గా విభజన చెందుతుంటాయి కాబట్టి అక్కణ్ణుంచి చిన్న ముక్క తీసుకుంటారు. కాల్చిసిన్ ఇస్తే విభజన సరిగ్గా మధ్యలో, క్రోమోజోములు బాగా బిగుసుకున్న దశలో ఆగిపోతుంది. తర్వాత కణాల్ని ఉప్పు తక్కువున్న ద్రావణంలో ఉంచుతారు. నీళ్లు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది, ఇరుక్కుని ఉన్న క్రోమోజోములు ఎడంగా జరుగుతాయి. మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన మిశ్రమంలో వాటిని స్థిరపరిచి, గాజు పలక మీద పరిచి ఆరబెట్టి, రంగు వేస్తారు. సిల్వర్ నైట్రేట్ వాడితే రైబోజోమ్ జన్యువులు పనిచేస్తున్న చోట్లు మాత్రమే నల్లబడతాయి. ఆ నల్ల చుక్కలున్న ఫొటోని ఎంతసేపు చూసినా తనివి తీరదు.

అసలు నన్ను పట్టి కుదిపేసినవి బి క్రోమోజోములు. మిగతావి జంటలు జంటలుగా, ఆ జాతిలో దేనికైనా ఇన్నే అన్నట్టు లెక్కగా ఉంటాయి. వీటికి ఆ లెక్క లేదు. ఒక లాబ్‌స్టర్‌లో కొన్ని ఉంటే, పక్కదానిలో ఇంకొన్ని. లేకపోయినా ప్రాణి నిక్షేపంగా బతుకుతుంది. అనువంశికత గురించి మెండెల్ చెప్పిన సూత్రాలకు ఇవి లొంగవు. 1907లో ఎడ్మండ్ విల్సన్ నల్లుల కోవకు చెందిన ఒక పురుగులో ఇలాంటివి గమనించాడు. 1928లో రాండాల్ఫ్ మొక్కజొన్నలో చూసి వీటికి ‘బి’ అని పేరు పెట్టాడు. చాలాకాలం వీటిని ఏ పనికీ రాని సరుకుగానే లెక్కేశారు.

ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాగ్లియారి విశ్వవిద్యాలయానికి చెందిన సాల్వదోరి బృందం 2012లో ‘జెనెటికా’ పత్రికలో ఏం ప్రకటించిందో చూడండి. పాలినురస్ గిల్‌క్రిస్టీ, పాలినురస్ మారిటానికస్ అనే రెండు జాతుల్లో ఆ బి క్రోమోజోముల మీదే రైబోజోమ్ జన్యువులు కనబడ్డాయి! ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు లేకుండా ఏ కణమూ బతకదు. అంత ముఖ్యమైన జన్యువులు, ఉన్నా లేకున్నా ఒకటే అనుకున్న క్రోమోజోముల మీదికి ఎలా చేరాయి? ఈ వాక్యం దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచి చదివాను.

అదే వ్యాసంలో ఇంకో ముచ్చట. క్రోమోజోమ్ కొసల్ని కాపాడే టెలోమియర్లలో ఒకే డీఎన్‌ఏ అక్షరాల వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. మనలో టీటీఏజీజీజీ. లాబ్‌స్టర్లలో ఒక జీ తక్కువ, టీటీఏజీజీ. పట్టుపురుగులోనూ ఇదే! సముద్రపు రాళ్ల సందుల్లో బతికే జీవికీ, మల్బరీ ఆకు మేసే పురుగుకీ కొసన ఒకటే సంతకం. దక్షిణాఫ్రికా తీరంలోని జేసస్ లలాండీ అనే ముళ్ల లాబ్‌స్టర్‌లో అయితే ఈ వరుస కొసల్లోనే కాకుండా కొన్నిచోట్ల క్రోమోజోమ్ నడిమధ్యన, రైబోజోమ్ జన్యువుల పక్కనే ఉంది. కొసన ఉండాల్సింది నడుమ కనబడితే, ఒకప్పటి రెండు క్రోమోజోములు అతుక్కున్నాయేమో అన్న అనుమానం సహజంగా వస్తుంది. ఇక్కడ మాత్రం అది రైబోజోమ్ జన్యువుల పక్కనే ఉండడం ఊరికే కుదిరింది కాదనిపిస్తుంది నాకు.

ముళ్ల లాబ్‌స్టర్లలో మీసాల మొదళ్లు రాసి చప్పుడు చేసేవి ఒక వర్గం, చేయలేనివి ఒక వర్గం. పాలినురస్, పానులిరస్ ప్రజాతులు చప్పుడు చేసేవి, జేసస్ నిశ్శబ్దం. ఇప్పుడు రైబోజోమ్ జన్యువుల చోట్లు చూడండి. గిల్‌క్రిస్టీలో, మారిటానికస్‌లో, పానులిరస్ రీజియస్‌లో అవి రెండు జతల క్రోమోజోముల మీద ఉంటే, జేసస్‌లో మూడు జతల మీద ఉన్నాయి. నాలుగు జాతుల్ని చూసి తీర్పు చెప్పలేం, నిజమే. అందుకే మిగతావాటిదీ తెలుసుకోవాలని ప్రాణం లాగేస్తోంది. విశాఖ తీరంలో దొరికే పానులిరస్ హోమారస్ కూడా చప్పుడు చేసే వర్గానిదే. దానిలోనూ ఆ రెండు జతల లెక్కే ఉందేమో చూడాలని నా కోరిక.