చెరువు లక్షణం

కడప జిల్లాలోని పోరుమామిళ్ళ వద్ద క్రీ.శ. 1369 నాటి శాసనమొకటి ఉన్నది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అక్కడ ఒక పెద్ద చెరువు కట్టించాడు. దినమునకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేండ్ల శ్రమ అని శాసనం లెక్క చెబుతుంది. దాత కీర్తితో తృప్తి చెందక, మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, ఉండరాని ఆరు దోషాలను కూడా అది రాతిపై నిలిపింది. కట్ట నుండి నీరు ఊరడం దోషం, చవుడు నేల దోషం. నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమైతే దోషం. నీరు మిక్కుటమై భూమి చాలకున్నా దోషమే! ఉన్న నీటికి తగినంతే సేద్యమన్న ఈ కొలతను బోరుబావుల కాలం పూర్తిగా మరచింది.

చెరువు కట్టడం కన్న దానిని కాపాడుకోవడమే కష్టం. నీరటికాడు వంతుల ప్రకారం తూము తెరిస్తేనే చివరి మడికి నీరందేది. వేసవిలో రైతులు పూడికమట్టిని బండ్లపై పొలాలకు తోలుకొనేవారు. చెరువు లోతు పెరిగేది, చేనికి సత్తువ చేరేది. బెస్తలకు చేపలు, కుమ్మరులకు మన్ను, పశువులకు నీరు ఆ చెరువే ఇచ్చేది. చుట్టుపట్ల బావులలో ఊట నిలిచేది. ఎవరి బోరు వారికి వచ్చిన పిమ్మట కట్టపై కంపచెట్లు మొలిచాయి, నీరటికాని పని పోయింది.

తెలంగాణలో 2015లో ‘మిషన్ కాకతీయ’ పేరిట చెరువుల పూడికతీత ఆరంభమైంది. అది మెచ్చదగిన పనియే. అయితే వాననీటిని తెచ్చే వాగులు, కాలువలు ఆక్రమణల పాలైన చోట, పూడిక తీసిన చెరువు సైతం ఎండియే ఉంటుంది.