దివిసీమలో ఒక పగలు

విజయవాడ నుండి నాగాయలంకకు పోయే దారి పంటకాలువల నడుమ సాగుతుంది. బస్సు ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి దాటేసరికి నగర కోలాహలం వెనుకబడి, ఇరువైపులా వరిచేలు ప్రత్యక్షమయ్యాయి. కార్తీకమాసపు ఎండలో అవి బంగారు వన్నె తేలి ఉన్నాయి. నగరంలో పుట్టి పెరిగిన ఆ యువకునికి అన్నం తెలుసు గాని వరి తెలియదు.

పులిగడ్డ వద్ద అతడొక వింత చూశాడు. కృష్ణానది రెండుగా చీలే ఆ చోట, తూర్పుపాయపై కట్టిన అక్విడక్టు మీదుగా కాలువ సాగుతున్నది. క్రింద నది, పైన కాలువ! విజయవాడలో 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజి మళ్లించే నీరే ఇంతదూరం నడచి వచ్చి దివిసీమను పండిస్తున్నది.

నాగాయలంక మధ్యాహ్నవేళ నిశ్శబ్దంగా ఉంది. ఊరి వెలుపల ఒక వృద్ధ రైతు కోతకు వచ్చిన చేలో మినుములు చల్లుతున్నాడు.

“కోయని చేలో విత్తనాలెందుకు తాతగారూ?” అని యువకుడు అడిగాడు.

“వరి కోసేనాటికి ఇవి మొలకెత్తుతాయి బాబూ! మళ్లీ దున్నే పని లేదు. నేలలో మిగిలిన తడే వీటికి చాలు.”

కొంతసేపటికి ఆయనే అన్నాడు: “ఇలాగే చేలు పండి ఉన్నప్పుడే ఉప్పెన వచ్చింది. అప్పుడు నాకు పదిహేనేళ్లు. మా ఇంట్లో ఏడుగురం. తెల్లవారేసరికి ఇద్దరం మిగిలాం.”

అది 1977 నవంబరు 19. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన కెరటాలు దివిసీమ గ్రామాలను ముంచివేశాయి. ఆ తుపానుకు సుమారు 10 వేలమంది బలయ్యారు.

“అయినా ఊరు విడిచి వెళ్లలేదా?”

“ఎక్కడికి పోతాం బాబూ? పొలమంతా ఉప్పు తేలింది. కాలువనీరు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి కడిగాం. ముంచింది నీరే, బ్రతికించిందీ నీరే. సముద్రం ఒక్క రాత్రి వచ్చి పోయింది. కాలువ మాత్రం ఏటా వస్తూనే ఉంది.”

రైతు మళ్లీ గుప్పెడు మినుములు తీసుకుని చేలోకి నడిచాడు. యువకుడు గట్టుమీద చాలాసేపు నిలబడిపోయాడు.

ఆ రాత్రి ఇంటికి చేరి భోజనానికి కూర్చున్నాడు. ఎప్పుడూ సగం అన్నం వదిలివేసే కుమారుడు కంచంలో ఒక్క మెతుకైనా మిగల్చకపోవడం తల్లి గమనించింది. ఆమె కారణం అడగలేదు, అతడూ చెప్పలేదు.