గుండ్రబల్ల చుట్టూ ఎనిమిది మంది

మా తమ్ముడి కొడుకు బ్యాంకు పరీక్షకు చదువుతున్నాడు. లెక్కలూ ఇంగ్లీషూ చదివితే చదవనీ, నాకేం అభ్యంతరం లేదు. నాకు ఒళ్ళు మండేదల్లా ఆ గుండ్రబల్ల దగ్గరే. ఎనిమిది మంది గుండ్రబల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ళకు పేర్లుండవు, ఊళ్ళుండవు. ఏ, బీ, సీ, డీ, అంతే. ఏకి ఎడమపక్క మూడోవాడు డీ. బీ, ఎఫ్ పక్కపక్కన కూర్చోరు. సీ మటుకు అందరికీ వీపు పెట్టి బయటికి చూస్తుంటాడు. ఇంతకీ జీకి ఎదురుగా ఎవరు? మావాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఈ ఎనిమిది మందినీ లేపడం, మళ్ళీ కూర్చోబెట్టడం. “వాళ్ళక్కడ ఎందుకు కూర్చున్నార్రా? భోజనానికా, పంచాయితీకా?” అని అడిగానొకరోజు. “అది అనవసరం పెదనాన్నా” అన్నాడు.

అనవసరమట! పల్నాట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది అనవసరమైన రోజు ఎప్పుడైనా ఉందా? అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడనే గదా బ్రహ్మనాయుణ్ణి ఇన్ని వందల ఏళ్ళుగా తలుచుకుంటున్నాం! కోడిపందెం సరే, ఆ చాప కూడా పల్నాటి యుద్ధానికొక కారణమేనంటారు. కార్తీక అమావాస్యకి కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలైతే ఇప్పటికీ చాపకూడు పెడతారు. అలాంటి నేల మీద పుట్టిన పిల్లాడు సీ ఎందుకు మొహం తిప్పుకున్నాడో అడక్కూడదు, జీకి ఎదురుగా ఎవరో చెప్పి మార్కు తెచ్చుకోవాలి.

నా కోపానికి కారణముంది. పల్లెటూరి బ్రాంచిలో మేనేజరు ఉద్యోగం సగం కుర్చీల లెక్కే. గదిలో ఆయన ఎదుట మూడు కుర్చీలుంటాయి. భూమి ఆసామీ వస్తాడు, అడక్కుండానే కూర్చుంటాడు. ఆయన వెనకాల కౌలుకు చేసే మనిషి నిలబడతాడు. పాసు పుస్తకం కూర్చున్నవాడిది, చెమట నిలబడ్డవాడిది. ఆ సర్వే నంబరు మీద ఆసామీ అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. కౌలుదారు చేతిలో 2019 చట్టం ఇచ్చిన సాగు హక్కు కార్డు ఉండొచ్చు, పదకొండు నెలలకి. దానికి కూడా ఆసామీ సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామీ భయం, పెట్టకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తేవాలని కౌలుదారు దిగులు. బ్యాంకులో అయితే మూడు లక్షల దాకా ఏడు శాతం, గడువులో కడితే మూడు వెనక్కి వచ్చి నాలుగే పడుతుంది. బయట ఏడాదికి ఇరవై నాలుగు. ఈ మధ్యలో ఉన్న ఇరవై శాతమే నిలబడ్డవాడికీ కూర్చున్నవాడికీ మధ్య ఉన్న దూరం. ఒకే చేనుకి రెండు అప్పులివ్వడానికి లేదు, దున్నేవాడికి ఇవ్వకుండా ఉండటానికీ లేదు. ఇదయ్యా సీటింగ్ అరేంజిమెంటు! దీన్ని పరీక్షలో ఇవ్వమనండి, చూస్తాను.

మేనేజరు కావడానికి దారి అందరికీ తెలిసిందే. డిగ్రీ ఏదైనా ఒకటి ఉండాలి. మనవాళ్ళలో చాలామంది నంద్యాల పోయి కోచింగు తీసుకుంటారు. 2011 నుంచి చాలా ప్రభుత్వ బ్యాంకులకు ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష పెడుతోంది. ప్రిలిమ్స్‌లో గంటకి వంద ప్రశ్నలు, ఆ పైన మెయిన్స్, ఇంటర్వ్యూ, ప్రొబేషను. స్కేలు వన్ ఆఫీసరుగా చేరి, జేఏఐఐబీ, సీఏఐఐబీ అనే బ్యాంకు పరీక్షలు పాసై, ఊళ్ళు తిరిగి, ఒకనాటికి అద్దాల గదిలో కుర్చీ. స్కేళ్ళలో ఏడోది జనరల్ మేనేజరు. అక్కడిదాకా పోయినవాళ్ళు మళ్ళీ మన ఊరు చూడరు కాబట్టి వాళ్ళ సంగతి వదిలేద్దాం.

మా చిన్నప్పుడు మాచర్ల వైపు ఒక బ్రాంచికి బందరు నుంచి ఒక మేనేజరు గారు వచ్చారు. పద్నాలుగు బ్యాంకుల్ని 1969లో జాతీయం చేశాక పల్లెలకు బ్రాంచీలు వస్తున్న రోజులు. పొట్టి మనిషి, పెద్ద మోటారు సైకిలు. ఆయన అప్పివ్వడానికి ముందు కాగితాలు చూసేవారు కాదని నేనను, చూసేవారు. కానీ ముందు కళ్ళం చూసేవారు. ఎండిన మిరపకాయలు గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించేవారు. గింజ గలగలమంటే సరే. చప్పుడు రాకపోతే “ఇంకో రెండు రోజులు ఎండనీయవయ్యా, ఇట్టాగే యార్డుకి తోలితే తాలు కింద కడతారు” అనేవారు. బందరు మనిషికి ఆ చప్పుడు ఎవరు నేర్పారో నాకిప్పటికీ తెలియదు. గొడ్ల కొట్టంలోకి తొంగి చూసేవారు. మజ్జిగిస్తే తాగేవారు. “మీ అల్లుడు ఏ ఊరు? ఏం చేస్తాడు?” అని అడిగేవారు. అది కబుర్లనుకునేవాళ్ళు మావాళ్ళు. అప్పు ఎటు పోతుందో, వసూలుకి ఎవరితో మాట్లాడాలో ఆ ఒక్క ప్రశ్నలో తేలిపోయేదని ఇప్పుడనిపిస్తుంది.

మా నాన్న బోరుకి అప్పడిగితే ఆయన ఇవ్వనన్నారు. చేను చుట్టూ తిరిగి, కాలితో తన్ని చూసి, “కింద అంతా నాపరాయి, నీళ్ళు పడవు” అన్నారు. మా నాన్నకి పౌరుషం. బయట వడ్డీకి తెచ్చి వేయించాడు. పడ్డాయి! పడ్డాయంటే అట్టా ఇట్టా కాదు. ఆయన ఆ నీళ్ళు ఇత్తడి చెంబులో పట్టుకుని బస్సెక్కి, బ్రాంచికి పోయి, నలుగురి ఎదుట మేనేజరు గారి బల్ల మీద పెట్టాడు. మేనేజరు గారు చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, “రుచి బావుంది. మోటారుకి అప్పు కావాలా?” అన్నారు. ఆ మోటారు అప్పు మా నాన్న గడువుకి ముందే తీర్చేశాడు, పంతం కోసం. చెంబు మటుకు ఆ బ్రాంచిలోనే ఉండిపోయిందని మా అమ్మ చాలా ఏళ్ళు సాధించింది.

ఇప్పుడు? మొన్న బంగారం కుదవ పెట్టడానికి ఒక బ్యాంకుకి పోయాను, ఏ బ్యాంకన్నది ఎందుకులెండి. అప్రైజరు గీటురాయి మీద గీసి చూసి సరే అన్నాడు. అప్పు వచ్చింది, దాంతోపాటు నేనడగని ఇన్సూరెన్సు పాలసీ కూడా వచ్చింది. మేనేజరు కుర్రవాడు. “ఈ నెల టార్గెట్ ఉంది సార్” అన్నాడు, మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. పొద్దున పై ఆఫీసువాళ్ళు వీడియోలో కేకలేశారట. పంట రుణం రెండు పంట కాలాలు దాటి కట్టకపోతే మొండి బాకీ కింద రాయాలి, అది తప్పించడానికి మార్చి నెలంతా నిద్రుండదట. ఇక కళ్ళాలెప్పుడు చూస్తాడు? నల్ల తామర పురుగు మిరప తోటల్ని నాకేసిన 2021లో కొన్నాళ్ళు దుర్గి, వెల్దుర్తి వైపు తోటలు చూస్తే చాలు, ఏ ఖాతా ఎందుకు మొండికేసిందో తెలిసిపోయేది. స్క్రీను మీద అన్నీ ఒకే రంగు.

బ్యాంకు పెట్టడానికైనా, నడపడానికైనా మనిషిని చూసే కన్నుండాలని నా పట్టు. ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఎవరు? డాక్టరు. బందరులో నాడి చూసిన చెయ్యి. ఆ బ్యాంకు 1923 నవంబరు 28న తలుపులు తెరిచింది, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పుడు లాక్‌డౌను, వీధిలో మనిషి లేడు. పోయినవాళ్ళని సాగనంపడానికి గుమ్మం దాకా కూడా ఎవరం రాలేదు. నరసరావుపేటలో ఆటోవాడు మాత్రం ఇంకా ఆంధ్రా బ్యాంకు దగ్గర ఆపనా అనే అడుగుతాడు, నేనూ ఆపమనే అంటాను.

బదిలీల సంగతి చెప్పాలి. మూడేళ్ళకోసారి ఊరు మారాలి. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి మా వైపు వేస్తే ఆ మేనేజర్లు సామాను దించకముందే ఎండ గురించి, నీళ్ళ గురించి మొదలుపెడతారు. దీనికి పెద్ద సంప్రదాయమే ఉంది. పల్నాడు మీద అట్లా సణిగిన మొదటి ఆఫీసరు శ్రీనాథుడు. ఆఫీసరే మరి, కొండవీటి రెడ్డి రాజుల కొలువులో విద్యాధికారి. కొండవీడు ఇక్కడికెంత దూరం! అయినా మా పల్లెలకొచ్చి, తాగడానికి నీళ్ళు లేవని, తినడానికి జొన్న తప్ప లేదని ఆయన పేర చాటువులున్నాయి. ఇంకోపక్క పల్నాటి వీరచరిత్ర రాసి మమ్మల్ని అంత ఎత్తున నిలబెట్టిందీ ఆయనేనంటారు కాబట్టి క్షమించాం. కానీ జొన్న విషయంలో క్షమించలేదు.

సాగర్ కాల్వల్లోకి 1967లో నీళ్ళొదిలారు, మాకూ వరన్నం వచ్చింది, జొన్న వెనక్కిపోయింది. ఇప్పుడు చూడండి, కుర్చీలో కూర్చుని కూర్చుని షుగరు తెచ్చుకున్న ఆఫీసర్లందరికీ డాక్టర్లు జొన్నరొట్టె రాసిస్తున్నారు. సాయంత్రమైతే రోడ్డు పక్క బండి దగ్గర నిలబడి కొనుక్కుంటున్నారు. శ్రీనాథుడుంటే చూపించేవాణ్ణి. అసలు జొన్నరొట్టె చెయ్యడం ఎంతమందికి వచ్చు? పిండి అప్పటికప్పుడు ఆడించాలి, నిలవుంటే జిగి పోయి అంచులు పగుల్తాయి. నీళ్ళు తెర్లాలి. చేత్తో తట్టాలి, కర్రతో ఒత్తితే అది రొట్టె కాదు. మా అమ్మ తడుతుంటే ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు గిన్నెలు తెచ్చుకునేవాళ్ళు. పండుమిరప పచ్చడి, పైన వెన్నపూస. మొన్నొక హోటలువాడు రొట్టెలో గోధుమపిండి కలిపాడు. విరవగానే తెలిసిపోయింది, సాగింది. పిలిచి అడిగితే “మెత్తగా ఉంటుందని సార్” అన్నాడు. మెత్తగా కావాలంటే ఇడ్లీ తినేవాణ్ణి గదయ్యా అన్నాను.