పద్మనాభం కొడుకు

బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళు తక్కువ. 'పద్మనాభం కొడుకు' అంటే మాత్రం అందరికీ తెలుసు. మా నాయన పేరు పద్మనాభం కాదు. మాదిగోని కొడుక్కి అట్లాంటి పేరు పెట్టే కాలంలో ఆయన పుట్టలేదు. ఆ పేరు ఆయనకు ఊర్లో రెడ్లు పెట్టినారు.

మా ఊరు పులివెందుల పక్క. వాన పడితే శెనక్కాయ, పడకపోతే కంపచెట్లు. మా నాయన ఒక రెడ్డి ఇంట్లో పదహారేండ్లు జీతమున్నాడు. శెనక్కాయ పీకి కల్లానికి చేర్చిన రాత్రి రెడ్డి వాకిట్లో జనం చేరేవాళ్ళు. రెడ్లు మంచాల మీద, తక్కిన కులాలోళ్ళు అరుగు మీద, మావాళ్ళు దూరంగా దుమ్ములో. "రేయ్, పద్మనాభం వేషమెయ్‌రా" అని రెడ్డి అంటే చాలు, మా నాయన తలగుడ్డ విప్పి నడుముకు బిగించి లేచేవాడు. మెడ లోపలికి లాక్కొని, కండ్లు గుండ్రంగా తిప్పి, గొంతు సన్నం చేసి మాట్లాడేవాడు. ఎవరో కనపడని దొర తనను కొడుతున్నట్టు ఎగిరెగిరి పడేవాడు. వాకిలంతా పడీపడీ నవ్వేది.

1998లో, నాకు తొమ్మిదేండ్లప్పుడు, ఆ నవ్వు నేను కండ్లారా చూసినాను. నేనూ నవ్వినాను. ఆట అయిపోయినాక మా నాయన చెమట తుడుచుకొని గోడవారగా పోయి తన సత్తుతట్ట తెచ్చుకున్నాడు. రెడ్డమ్మ పైనుంచి సంగటిముద్ద జారవిడిచింది. తట్ట తగలకుండా ఎంత పైనుంచి వేయాలో ఆమె చేతికి బాగా తెలుసు. ఇప్పటిదాకా నవ్వించిన మనిషి ఒక్క నిమిషంలో మళ్ళీ మాదిగోడు అయిపోయినాడు. ఆ పొద్దు నాకు అంతా అర్థమయిందని చెప్పను. కడుపులో ఏదో తిరిగింది, అంతే. మర్నాడు బడిలో రెడ్డి కొడుకు నన్ను చూసి కండ్లు గుండ్రంగా తిప్పినాడు. ఆ దినంనుంచి నేను పద్మనాభం కొడుకును. ఆ దినంనుంచే నాకు పద్మనాభం అంటే మంట.

ఆ మంటలోనే ఆయన సినిమాలు చూసినా. ఊర్లోకి అద్దెకు తెచ్చిన టీవీలో మొదట చూసింది పాతాళభైరవి. 1951 సినిమా. రామారావు తోటరాముడు, రంగారావు మాంత్రికుడు. ఆ మాంత్రికునికి సదాజప అని ఒక శిష్యుడు, అదే పద్మనాభం. గురువు ఉరమడం, శిష్యుడు ఉలికిపడి పరుగెత్తడం. మా నాయన వాకిట్లో ఆడింది యాడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. జీతగాని పని సదాజప పనే గదా! పిలిస్తే పలకాల, తిడితే నవ్వాల, పని చెడితే దెబ్బ తన వీపు మీదికే రావాల. మా నాయన ఆ వేషం నేర్చుకోవాల్సిన పనే లేదు. ఆయన రోజూ చేసేదే అది.

పద్మనాభం మాకు దూరపోడు కాదని డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. ఆయన సొంతూరు సింహాద్రిపురం. మా ఊరినుంచి పది మైళ్ళు లేదు. 1931 ఆగస్టు 20న పుట్టినాడు. పూర్తి పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. ఆ పక్కనే పులివెందుల తాలూకా కొత్తపల్లెలో బి.ఎన్.రెడ్డి పుట్టినాడు, నాగిరెడ్డి ఆయన తమ్ముడే. తాడిపత్రినుంచి కె.వి.రెడ్డి. మద్రాసులో తెలుగు సినిమాను నిలబెట్టినోళ్ళలో ఇంతమంది ఈ కరువునేలనుంచి పోయినారని కడప లైబ్రరీలో చదివి మురిసిపోయినాను. రెండు నిమిషాలు మురిసినానేమో. అందులో మావాడు ఒక్కడూ లేడే అని ఆ వెనకే తోచింది.

ఆ పుస్తకంలోనే ఇంకో ముక్క కనబడింది. పద్మనాభం ఇంటోళ్ళు కరణీకం చేసినవాళ్ళు. చదివి పుస్తకం మూసేసినాను.

మా ఇంట్లో కరణం అనే మాట మామూలు మాట కాదు. మా అబ్బకు వంక గట్టున డీకేటీ పట్టా రెండెకరాలు ఉండేది. రాళ్ళేరి, కంప కొట్టి, పదేండ్లు సాగు చేసినాడు. ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర. అడంగల్లో సాగుదారు పేరు రాసేది కరణం. మా ఊరి కరణం కలం ఒక ఏడాది మా అబ్బ పేరు రాసింది, మరుసటేడు రాయలేదు. కాయితంలో లేనోడు భూమ్మీద లేనట్టే. మా అబ్బ చచ్చేదాకా ఆ వంక గట్టు దిక్కు తిరిగి ఉమ్మేవాడు. 1984లో రామారావు ప్రభుత్వం కరణాలను, మునసబులను తీసేసినప్పుడు మా పల్లెలో పలకలు కొట్టినారంట. పద్మనాభం సొంత డబ్బుతో తీసిన 'దేవత'లో హీరో కూడా ఆ రామారావే. ఇట్లాంటివి చరిత్రలో ఎన్ని ఉంటాయో.

మా ఊరి కరణం వేరు, పద్మనాభం ఇంటోళ్ళు వేరు. ఆ తేడా నాకు ఇప్పుడు తెలుసు. ఇరవై ఏండ్లప్పుడు తెల్లేదు. సెలవుల్లో ఇంటికొచ్చి మా నాయనను నిలదీసినాను. "నువ్వు ఇన్నేండ్లు ఎవరి వేషమేసినావో తెల్సా? కరణమోళ్ళ పిల్లోనిది. మనబ్బ నేలను మింగినోళ్ళ కులపోనిది."

మా నాయన బీడీ తీసి పక్కనపెట్టినాడు. "తెల్సులేరా. సింమాద్రిపురమోళ్ళు చెప్పినారు ఎప్పుడో. అయితే ఏమి? ఆయప్ప ఎవురి మీదన్నా నవ్వినాడా? ఆయప్ప మీద ఆయప్పే నవ్విచ్చుకున్నాడు. పెద్దకులంలో పుట్టి తన్నులు తినే యేసం ఎయ్యల్లంటే ఎంత ఉండల్ల!"

నేను ఊరుకోలేదు. తన్నులు తినే వేషమేసి ఆయన మద్రాసులో బంగళా కట్టినాడు, నిజంగా తన్నులు తిన్న నువ్వేం కట్టినావు అని అడిగినాను. అడగకూడని మాట. మా నాయన లేచి బయటికి పోయినాడు.

ఆ తర్వాత పద్మనాభం బతుకు గురించి దొరికినంత చదివినాను. మా నాయనను ఓడించడానికే చదివినాననుకోండి. చిన్నప్పుడే పద్యాలు బాగా పాడేవాడంట. ఆ గొంతు నమ్ముకొని మద్రాసు పోయినాడు. కన్నాంబ, కడారు నాగభూషణం దంపతులు చేరదీసినారు. 1945లో 'మాయాలోకం'తో తెరకెక్కినాడు. దాన్ని తీసింది గూడవల్లి రామబ్రహ్మం, 1938లో 'మాలపిల్ల' తీసిన ఆయనే. ఆ తర్వాత ఇరవై ముప్పై ఏండ్లు ఆయన లేని తెలుగు సినిమా చూడాలంటే వెతుక్కోవాల్సిందే. మనిషి పొట్టి. ఆ పొట్టితనాన్ని దాచుకోలేదు, 1966లో 'పొట్టి ప్లీడరు' అని దాన్నే సినిమా పేరు చేసినాడు. మరుసటేడు వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో తనే హీరో. అందులోనే బాలసుబ్రహ్మణ్యం అనే కొత్త కుర్రోనితో మొదటి పాట పాడించినాడు. అప్పుడు ఆ కుర్రోని పేరు ఎవరికి తెలుసు? పక్కన నిలబడి నవ్వించే వేషాలతో ఒక మనిషి తృప్తిపడి ఉంటే హాయిగా బతికేవాడు. ఈయనకు తృప్తి లేదు. నిర్మాత కావాల, దర్శకుడు కావాల, నడుమ నిలబడాల. ఆ ఆశ నాకు అర్థమయింది. మా వాడలో డిగ్రీ చదివిన మొదటోన్ని, నాకు కాక ఎవరికి అర్థమవుతుంది.

ఆ ఆశే ఆయన్ను ముంచింది. సినిమాలు తీసి సంపాదించింది పోగొట్టుకున్నాడు. అప్పులు, కాయితాలు, సంతకాలు. కరణీకం చేసిన ఇంట్లో పుట్టిన మనిషిని కూడా కాయితం మింగింది. ఇది చదివి నాకు సంతోషమవుతుందనుకున్నా. కాలేదు. అట్లని జాలితో కరిగిపోయినాననీ అనను. ఆయనకు పోగొట్టుకోవడానికి ఒకటి ఉండింది. పోతే పేపర్లో రాసినారు, 'అయ్యో' అన్నారు. మా అబ్బ రెండెకరాలు పోతే ఎవరు రాసినారు? నేనే ఇప్పుడు రాస్తున్నా.

ఆయన సినిమాల్లో నన్ను కదిలించింది 'కథానాయిక మొల్ల'. 1970లో తనే తీసి, తనే డైరెక్షను చేసినాడు. వాణిశ్రీ మొల్ల. ఆ ఏడాది బంగారు నంది వచ్చింది. మొల్లది మా జిల్లా బద్వేలు పక్క గోపవరమని మావాళ్ళ మాట. కుమ్మరింటి ఆడపిల్ల రామాయణం రాస్తే శూద్రురాలని పండితులు అడ్డుపడినారని మా దిక్కు కథగా చెప్పుకుంటారు. నవ్వించి బతికే మనిషి, ఆ కులంలో పుట్టిన మనిషి, డబ్బు పెట్టి ఆ కథ ఎందుకు ఎత్తుకున్నాడు? వ్యాపారమైతే దానికి ఇంకా తేలిక దారులున్నాయి. ఆయనలో ఏదో ఒక మూల మెత్తగా ఉండిందని ఒప్పుకోక తప్పదు.

ఒప్పుకుంటూనే ఇంకో మాట. కుమ్మరి చేసిన కుండ మా ఇంటికొస్తే కుండ అంటుపడేది. మొల్ల గడప దాకా వచ్చిన కెమెరా ఇంకో రెండు వీధులు దాటి మా వాడకు రాలేదు. 'మాలపిల్ల'లో కూడా మాలపిల్ల వేషం కాంచనమాలది.

పద్మనాభం 2010 ఫిబ్రవరి 20న మద్రాసులో పోయినాడు. నేనప్పుడు కడపలో బీఈడీ. పేపరు చూసి ఇంటికి ఫోను చేసినా. మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. "పేపర్ల పొటో పెద్దదే ఏసినారా?" అన్నాడు. పెద్దదే అన్నాను. అది నిజం కాదు.

ఇప్పుడు నేను కర్నూలు జిల్లా ఆదోని దిక్కు సర్కారు బడిలో అయివారిని. అమ్మానాయనలు సుగ్గికి గుంటూరు పోతే అవ్వల దగ్గర మిగిలిన పిల్లోళ్ళు నా క్లాసులో సగం. వాళ్ళకు చాప్లిన్ సినిమాలు చూపిస్తా. చాప్లిన్ లండన్‌లో ఏడేండ్లకే అనాథల మాదిరి బీదల ఆశ్రమంలో పడినవాడని చెప్తే నోళ్ళు తెరుస్తారు. పోయిన పండక్కి మా నాయనకు ఫోన్లో 'గోల్డ్ రష్' చూపించినా. 1925 సినిమా. ఆకలికి తట్టుకోలేక చాప్లిన్ బూటు ఉడకబెట్టుకొని తింటాడు, మేకులను ఎముకల్లాగా చీకుతాడు. చెప్పులు కుట్టిన చేతులు మా నాయనవి. నవ్వలేదు. "తోలు అంత జల్ది ఉడకదురా" అన్నాడు. అది నిజం తోలు కాదు, తీపి వేరుతో చేసిన మిఠాయి అని చెప్పినా. "అదీ సంగతి" అని అప్పుడు నవ్వినాడు. "ఈయప్ప, మనాయప్ప ఒకటే బాపతు. ఈయప్ప నిజంగా ఆకలి చూసినట్టుండాడు, అంతే తేడా."

అప్పుడే పక్కనుంచి మా అమ్మ ఒక సంగతి చెప్పింది. ఇన్నేండ్లు నాకు ఎవరూ చెప్పలేదు. నేను హాస్టల్లో పదో తరగతి చదివే ఏడు, మా నాయన జీతం మానుకొని బేల్దారి పనికి పోతుండే కాలం. రెడ్డి ఇంట్లో పెండ్లి. చుట్టాలొచ్చినారని, వేషమెయ్యాలని మనిషిని పంపినాడంట. మా నాయన పోయినాడు. వాకిట్లో అందరి ముందరా నిలబడి, "పద్మనాభానికి సినిమాకు ఇంత అని లెక్క ఉంటాది రెడ్డీ. నాకెంత ఇస్తావు?" అని అడిగినాడంట.

అది కూడా వేషంలో మాటే అనుకొని వాకిలంతా నవ్విందంట. రెడ్డి అందరికన్నా ఎక్కువ నవ్వినాడంట. మా నాయన మెడ లోపలికి లాక్కోలేదు, కండ్లు తిప్పలేదు, ఉన్నోడు ఉన్నట్టే నిలబడినాడు. నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోతా వచ్చింది. అంతా ఆగినాక, వాకిలి బయట విడిచిన చెప్పులు చేతికి తీసుకోకుండా, కాళ్ళకేసుకొని, రెడ్ల వీధి నడుమనే నడిచి ఇంటికొచ్చినాడంట.